పీఎన్‌హెచ్: మూత్రం రంగు కన్నా గడ్డల గురించి భయపడండి

పరాక్సిస్మల్ నాక్టర్నల్ హీమోగ్లోబినూరియా, క్లుప్తంగా పీఎన్‌హెచ్. ఇది రక్తంలోని ఎర్రకణాలు పగిలిపోయే జబ్బు. రక్తవ్యాధుల వైద్యులకు కూడా అరుదుగానే ఎదురవుతుంది. రోగులు, వాళ్ల ఇంట్లోవాళ్లు తరచూ అడిగేవి ఇవి.

అపోహ: ఇది వంశపారంపర్యం, పిల్లలకూ వస్తుంది.

వాస్తవం: రాదు. పుట్టిన తర్వాత ఎప్పుడో ఎముక మజ్జలోని ఒక మూలకణంలో పిగ్-ఎ జన్యువు దెబ్బతింటుంది. ఆ కణం సంతతికి సీడీ55, సీడీ59 అనే రక్షక ప్రోటీన్లు ఉండవు. అవి లేని ఎర్రకణాలను మన ఒంట్లోని కాంప్లిమెంట్ ప్రోటీన్లే (రోగనిరోధక వ్యవస్థలో భాగమైనవి) రక్తనాళాల్లో పగలగొడతాయి. ఇది క్యాన్సర్ కూడా కాదు.

అపోహ: పొద్దున్నే మూత్రం కోలా రంగులో రాకపోతే ఈ జబ్బు లేనట్టే.

వాస్తవం: చాలామందికి మొదట్లో ఆ లక్షణమే ఉండదు. కణాలు పగలూ రాత్రీ పగులుతూనే ఉంటాయి. విపరీతమైన నీరసం, కడుపునొప్పి, మింగడం కష్టం కావడం, మగవారిలో అంగస్తంభన సమస్య కూడా దీనివల్లే రావచ్చు. మూత్రంలో ఐరన్ పోతుంది కాబట్టి పరీక్షలో ఐరన్ లోపం బయటపడుతుంది, మాత్రలు రాసి అక్కడితో ఆపేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే. ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే రక్తంలో పెరిగే ఎంజైమ్) బాగా పెరిగి, కూంబ్స్ పరీక్ష (ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయా అని చూసేది) నెగటివ్‌గా ఉంటే ఫ్లో సైటోమెట్రీ చేయించాలి. కణాలపై ఆ రక్షక ప్రోటీన్లు ఉన్నాయో లేదో చూసే పరీక్ష అది. దానికి చేతి నుంచి తీసిన రక్తం చాలు.

అపోహ: రక్తం ఎక్కిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఈ జబ్బులో ప్రాణం తీసేది ఎక్కువగా రక్తహీనత కాదు, సిరల్లో కట్టే గడ్డలు. అవి కాలేయంలో, పేగుల్లో, మెదడులో కూడా కడతాయి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నంత మాత్రాన గడ్డలు రావనుకోవద్దు. పొట్ట హఠాత్తుగా ఉబ్బినా, మునుపెన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. గర్భం దాల్చాలనుకునేవారు ముందే రక్తవ్యాధుల వైద్యుణ్ని కలవాలి.

అపోహ: మందు మొదలుపెడితే జబ్బు పోతుంది.

వాస్తవం: కాంప్లిమెంట్‌ను అడ్డుకునే మందుల్లో 2007లో అమెరికాలో ఆమోదం పొందిన ఎక్యులిజుమాబ్, తర్వాత వచ్చిన మందులు కణాలు పగలడాన్ని, గడ్డల ముప్పును బాగా తగ్గించాయి. కానీ జబ్బు మూలం మజ్జలోనే ఉంటుంది. దాన్ని పూర్తిగా తొలగించేది మజ్జ మార్పిడి ఒక్కటే. అందులో ప్రమాదాలున్నాయి కాబట్టి అందరికీ సూచించం. లోపమున్న కణాలు కొద్దిగానే ఉండి, ఇబ్బందేమీ లేనివారికి క్రమంగా పరీక్షలు చేస్తూ గమనిస్తే చాలు.

ఈ మందులు మెనింగోకాకస్ (మెదడు పొరల వాపు తెచ్చే బ్యాక్టీరియా) ఇన్ఫెక్షన్ ముప్పును పెంచుతాయి. అత్యవసరం కాకపోతే, మందు మొదలుపెట్టడానికి కనీసం 2 వారాల ముందే టీకాలు వేయించుకోవాలి. టీకా వేసినా ముప్పు పూర్తిగా పోదు. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి. మందును సొంతంగా ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే కణాలు పెద్దఎత్తున పగిలిపోవచ్చు.