నంబర్ మారని స్విచ్

తాళాల గుత్తి బరువుగా ఉంటే నడుస్తున్న కారు ఉన్నట్టుండి ఆగిపోతుందన్న ఫార్వర్డ్ వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ తిరుగుతోంది. తప్పు గుత్తిదే అని సగం మంది, కంపెనీదే అని మిగతా సగం. రెండు వర్గాలూ సాక్ష్యంగా చూపించేది ఒకే కథ, అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ (తాళం తిప్పితే కారు ఆన్ చేసే స్విచ్) కథ. 2014 రీకాల్ (అమ్మిన కార్లను రిపేరుకు వెనక్కి పిలవడం), అమెరికా కాంగ్రెస్ ముందు కంపెనీ సీఈఓ మేరీ బారా హాజరు, 90 కోట్ల డాలర్ల జరిమానా, పరిహార నిధి లెక్క ప్రకారం 124 మరణాలు... ఇవన్నీ అప్పట్లో పేపర్లలో చదివినవే. ఇప్పటి గొడవకు అసలు పనికొచ్చే ఘట్టం మాత్రం వీటన్నిటికీ ఎనిమిదేళ్ల ముందు, 2006 ఏప్రిల్‌లో, చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది.

ముందు ఆ స్విచ్ లోపల ఏముందో చూద్దాం. తాళం తిప్పినప్పుడు చేతికి తగిలే ‘టక్’ ఉంటుంది చూడండి, అది ఒక చిన్న ప్లంజర్ (ముందుకూ వెనక్కూ కదిలే పుల్ల లాంటి ముక్క), దాని వెనకున్న స్ప్రింగ్ చేసే పని. తిప్పిన చోట తాళాన్ని నిలబెట్టేది అదే. తాళం తిరగాలంటే కనీసం 15 న్యూటన్ సెంటీమీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, పట్టాలని కంపెనీ సొంత కొలత. షెవ్రొలే కోబాల్ట్, సాటర్న్ అయాన్ లాంటి కార్లకు విడిభాగాల కంపెనీ డెల్ఫీ సరఫరా చేసిన స్విచ్ ఆ కొలతకు రాలేదు. అయినా 2002లో జనరల్ మోటార్స్ ఇంజినీర్ రే డిజార్జియో దానికి ఓకే చెప్పారు. ఫలితం ఏమిటంటే, మోకాలు తగిలినా, గతుకులో కారు ఎగిరినా తాళం ‘రన్’ (ఇంజిన్ నడిచే స్థానం) నుంచి ‘యాక్సెసరీ’ (రేడియో లాంటివి మాత్రమే పనిచేసే స్థానం)లోకి జారిపోయేది. ఇంజిన్ ఆగేది, పవర్ స్టీరింగ్ పోయి తిప్పడం బరువయ్యేది. అన్నిటికంటే ఘోరం, ఆ స్థితిలో ఎయిర్‌బ్యాగులకూ కరెంటు ఉండదు. కారు దేన్ని గుద్దినా అవి తెరుచుకోవు.

2006 ఏప్రిల్‌లో అదే డిజార్జియో పొడవాటి ప్లంజర్, గట్టి స్ప్రింగ్ పెట్టేందుకు సంతకం చేశారు. అంతవరకు బాగానే ఉంది. కానీ పార్ట్ నంబర్ మార్చలేదు. పాత స్విచ్, కొత్త స్విచ్ రెండూ ఒకే నంబర్‌తో ఒకే అరలోకి చేరాయి.

నా లెక్కలో కథంతా ఇక్కడే ఉంది. ఆ తర్వాత కంపెనీలోనే ఎయిర్‌బ్యాగులు ఎందుకు తెరుచుకోలేదని వెతికిన వాళ్లకు 2007 మోడల్ దాటిన కార్లలో ఫిర్యాదులు ఎందుకు తగ్గాయో అంతుపట్టలేదు. రికార్డుల్లో చూస్తే స్విచ్ మారిన ఆనవాలే లేదు. విస్కాన్సిన్‌లో ఇద్దరు అమ్మాయిలు చనిపోయిన ప్రమాదం మీద అక్కడి పోలీసు అధికారి ఒకరు 2007లోనే రిపోర్టు రాశారు, తాళం యాక్సెసరీలో ఉందని, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదని. బయటి మనిషికి కనబడింది లోపలివాళ్లకు ఏళ్లతరబడి కనబడలేదు.

ముడి వీడింది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో. 2010 మార్చిలో ఒక నర్సు తన 2005 కోబాల్ట్ నడుస్తూ ఆగిపోతోందని డీలర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఇంధన వ్యవస్థ శుభ్రం చేసి ఇచ్చారు. ఆ వెంటనే అదే కారులో ప్రమాదం జరిగి, తన పుట్టినరోజునే ఆమె చనిపోయింది. కుటుంబం కేసు వేసింది. వాళ్ల తరఫు ఇంజినీర్ మార్క్ హుడ్ ఆ కారు స్విచ్‌ను విప్పి ఎన్నోసార్లు పరీక్షించినా కారణం చిక్కలేదు. చివరికి డీలర్ దగ్గర సుమారు 30 డాలర్లు పెట్టి అదే నంబర్ కొత్త స్విచ్ కొని పక్కన పెట్టి చూశారు. ప్లంజర్ పొడవు వేరు, స్ప్రింగ్ నొక్కుడు వేరు, తిప్పడానికి పట్టే బలం వేరు. 2013లో వాంగ్మూలం ఇచ్చినప్పుడు డిజార్జియో ఆ మార్పు సంగతి తనకు తెలియదన్నారు. మార్పు మీద ఆయన సంతకం ఉన్న కాగితం తర్వాత బయటపడింది.

ఇక గుత్తి సంగతి. ఆ వాదన పుట్టింది కూడా కంపెనీలోనే. 2005 డిసెంబర్‌లో డీలర్లకు ఒక సర్వీస్ బులెటిన్ పంపారు: డ్రైవర్ పొట్టిగా ఉండి, తాళాల గుత్తి పెద్దదైతే ఇలా జరగొచ్చు, అనవసరమైనవి తీసేయమనండి, తాళానికి రింగు తగిలించే పొడవాటి గాటును చిన్న రంధ్రంగా మార్చే ఒక ముక్క పెట్టండి. ఆ ముక్క చేరింది 474 మందికి. గుత్తి ఊగితే తాళం మీద బలం పడుతుందన్నది అబద్ధమేమీ కాదు. ఎయిర్‌బ్యాగుల లింకు తెలియకపోవడం వల్లే దీన్ని ‘కస్టమర్ సౌకర్యం’ సమస్యగా చూశారని, కావాలని దాచలేదని కంపెనీ నియమించిన న్యాయవాది ఆంటన్ వలూకస్ 2014 నివేదికలో తేల్చారు. సరే. కానీ గుత్తి మోయలేని స్ప్రింగ్ పెట్టి, గుత్తి తగ్గించుకోమనడం ఏం న్యాయం?

నంబర్ మార్చకపోవడం రీకాల్‌లో కూడా వెంటాడింది. 2014 ఫిబ్రవరిలో పాత మోడళ్లనే పిలిచారు. మార్చి చివర 2008-2011 కార్లనూ చేర్చాల్సి వచ్చింది, ఎందుకంటే రిపేర్‌లో వాటికి పాత స్విచ్ వేశారేమో చెప్పేవాడు లేడు.

ఆ కార్లు మన దగ్గర అమ్మలేదు. మన దేశంలో రీకాల్‌కు చట్టబద్ధమైన నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచే ఉన్నాయి. షెడ్డులో వాదన మాత్రం అదే. ఈ మధ్య మా బావమరిది కారు దారిలో రెండుసార్లు ఆగింది. సర్వీస్ సెంటర్‌లో గుత్తి చూపించి, “ఇంత బరువేంటి సార్, మీ వాడకం వల్లే” అన్నారు. మా వీధి ఎలక్ట్రీషియన్ గుత్తి మొత్తం తీసేసి ఉత్త తాళం పెట్టాడు. హెడ్‌లైట్లు నిండుగా వెలుగుతున్నాయి, అంటే బ్యాటరీ డౌన్ కాలేదు. సెల్ఫ్ మోటార్‌కు నేరుగా కరెంటు ఇస్తే తిరిగింది. తర్వాత స్టీరింగ్ కింది కవర్ విప్పి, స్విచ్ కప్లర్ (వైర్లు కలిసే చోటు) దగ్గర మీటర్ పెట్టి, తాళాన్ని ఆన్‌లోనే ఉంచి వేలితో అటూ ఇటూ కొద్దిగా కదిపాడు. వోల్టేజ్ పడిపోయింది, డాష్‌బోర్డు లైట్లు ఆరి వెలిగాయి.

“గుత్తి లేదుగా బావా,” అన్నాడు మావాడు. ఇదంతా ఫోన్‌లో తీసిన వీడియో పట్టుకుని మళ్లీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాడు. వారంటీ కింద స్విచ్ మారుస్తారో లేదో ఇంకా చెప్పలేదు.