పాట ఎవరిది? అరీతా ఫ్రాంక్లిన్ గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

అమెరికా గాయని అరీతా ఫ్రాంక్లిన్ పేరు చెప్పగానే గుర్తొచ్చే 'రెస్పెక్ట్' (మర్యాద) పాట రాసింది ఆమె కాదని, ఓటిస్ రెడ్డింగ్ అని తెలిశాక మీరు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. ఒకాయన తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడి విడుదల చేసిన పాటను రెండేళ్ల తరువాత మరొకరు పాడితే, లోకమంతా దాన్ని ఆ రెండో మనిషి పాటగా ఎందుకు చెప్పుకుంటున్నదని మీ సందేహం. ఆమె గొంతు గొప్పది కాబట్టి అని ఒక్క ముక్కలో చెప్పి తప్పించుకోవచ్చు గాని, అది సరైన జవాబు కాదు. 1961 నుంచి 1966 దాకా కూడా అరీతాకు ఉన్నది అదే గొంతు. అయినా ఆ ఆరేళ్లలో లోకం ఆమెను పెద్దగా పట్టించుకోలేదు. అందువల్ల ఈ సంగతి కాస్త వెనక నుంచి చెప్పుకురావాలి.

ఆమె 1942 మార్చి 25న టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో పుట్టింది. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ బాప్టిస్టు పాస్టరు. ఆ కుటుంబం బఫెలో మీదుగా డెట్రాయిట్ చేరింది, అక్కడి న్యూ బెతెల్ బాప్టిస్టు చర్చిలో ఆయన ప్రసంగాలకు ఎంత పేరు వచ్చిందంటే, వాటిని గ్రామఫోన్ రికార్డులుగా వేసి అమ్మేవారు. మీరు మీ ఊరు నోవై నుంచి డెట్రాయిట్ నడిబొడ్డుకు వెళ్లినప్పుడు క్రిస్లర్ ఫ్రీవే తగులుతుంది కదా, ఆ చర్చి మొదట ఉన్న హేస్టింగ్స్ వీధి దాదాపుగా ఆ రోడ్డు కిందికే పోయింది. నల్లవారి దుకాణాలు, సంగీతశాలలు, ఇళ్లు అన్నీ పడగొట్టి ఆ రోడ్డు వేశారు; చర్చి 1963లో లిన్‌వుడ్ వీధికి మారింది.

ఆ చర్చిలో ప్రసంగం ఎలా సాగేదో తెలిస్తేనే అరీతా పాట అర్థమవుతుంది. పాస్టరు మామూలు మాటలతో మొదలుపెడతారు. క్రమంగా వేగం పెరుగుతుంది, గొంతు పైస్థాయికి వెళుతుంది, చివరికి ఆ మాట పాటగా మారిపోతుంది. మధ్యలో సభలోని జనం ఊరుకోరు, ప్రతి వాక్యానికీ గట్టిగా బదులు పలుకుతారు. కథకుడు ఒక మాట అనగానే పక్కనున్నవారు వంత అందుకునే మన బుర్రకథను తలుచుకుంటే ఆ పద్ధతి మీకు కొంత పట్టుబడుతుంది. అమెరికా నల్లవారి భక్తి సంగీతమైన గాస్పెల్‌కు ప్రాణం ఈ పిలుపూ, బదులూనే. 1950లలో రే చార్లెస్, శామ్ కుక్ వంటివారు ఈ చర్చి పాటతీరును తీసుకుని ప్రేమ గురించి, బతుకు గురించి పాటలు కట్టడంతో పుట్టినదే సోల్ సంగీతం. దేవుడి పాటను బజారు పాట చేశారని చర్చి పెద్దలు కొందరు కోపగించుకున్నారు. ఫ్రాంక్లిన్ గారు మాత్రం కూతురిని ఆపలేదు.

తల్లి బార్బరా కూడా మంచి గాయని, పియానో వాయించేది. అరీతాకు ఆరేళ్లప్పుడు ఆమె భర్తను విడిచి వెళ్లిపోయింది. పదో పుట్టినరోజు రాకముందే చనిపోయింది. తండ్రి ఇంటికి మహేలియా జాక్సన్, క్లారా వార్డ్ వంటి మహా గాయనులు అతిథులుగా వచ్చేవారు. చర్చి గాయకబృందాన్ని నడిపిన జేమ్స్ క్లీవ్‌లాండ్ అనే యువకుడు ఆ పిల్లకు పియానో మీద మెలకువలు చూపించాడు. నేర్పడానికి పెట్టిన టీచరమ్మ వస్తే మాత్రం దాక్కునేదట. విన్నదాన్ని విన్నట్టే వాయించగల పిల్లకు ఆ పాఠాలు విసుగనిపించి ఉంటాయి. 1956లో, పద్నాలుగేళ్ల వయసులో, తండ్రి చర్చిలోనే ఆమె పాడిన భక్తి పాటలను రికార్డు చేశారు.

1960లో కొలంబియా రికార్డ్స్ ఆమెతో ఒప్పందం చేసుకుంది. ఆమెను గుర్తించిన జాన్ హామండ్ అంతకు ముందు జాజ్ గాయని బిల్లీ హాలిడేను వెలుగులోకి తెచ్చిన రసజ్ఞుడు. అయినా ఆ కంపెనీలో ఆమె చేత జాజ్ పాటలు, రంగస్థల గీతాలు, వయొలిన్ల గుంపు వెనక వినిపించే మెత్తని పాటలు పాడించారు. ఆ రికార్డులు బాగా లేవని కొందరు రాస్తారు, అది నేను ఒప్పుకోను, వాటిలో వినదగినవి చాలానే ఉన్నాయి. వాటితో వచ్చిన చిక్కు ఏమిటంటే, వాద్యబృందం ఏం వాయించాలో ఇంకెవరో ముందే నిర్ణయించి రాసిపెట్టేవారు, ఆమె వచ్చి తన వంతు పాడి వెళ్లేది. చిన్నప్పటి నుంచి పాటా, పియానో కలిపి నేర్చుకున్న మనిషిలో సగాన్ని పక్కన పెట్టినట్టయింది.

1966 చివర ఆ ఒప్పందం ముగియగానే అట్లాంటిక్ రికార్డ్స్ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఆమెను తమ కంపెనీలోకి తీసుకున్నాడు. ఆయన చేసిన పెద్ద పని, ఆమెను మళ్లీ పియానో ముందు కూర్చోబెట్టడం. 1967 జనవరి 24న అలబామా రాష్ట్రంలోని మజిల్ షోల్స్ అనే చిన్న ఊళ్లో, ఫేమ్ స్టూడియోలో రికార్డింగ్ మొదలైంది. వాద్యకారులంతా తెల్ల కుర్రాళ్లు. 'ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్' అనే పాటకు నడక ఎలా కుదర్చాలో ఎవరికీ తోచక గది నిశ్శబ్దంగా ఉన్న సమయంలో స్పూనర్ ఓల్డమ్ అనే కుర్రాడు ఎలక్ట్రిక్ పియానో మీద ఒక చిన్న వరస మీటాడు. ఈనాటికీ ఆ పాట మొదట్లో మీకు వినపడేది అదే. దాన్ని పట్టుకుని అరీతా తన పియానోతో అందుకుంది, మిగిలినవారు ఆమె వెంట నడిచారు. ఎవరో రాసిపెట్టిన కాగితాల ప్రకారం కాకుండా ఆమె వేళ్లను బట్టి వాద్యబృందం కదలడం ఇక్కడ వినిపిస్తుంది.

అంత బాగా మొదలైన పని ఆ రాత్రే చెడింది. తాగుడూ, మాటపట్టింపులూ ముదిరి, ఆమె భర్తకూ స్టూడియో వారికీ గొడవ జరిగింది, మరునాడు ఆమె వెళ్లిపోయింది. చేతిలో పూర్తయిన పాట ఒకటే ఉంది, రెండోది అసంపూర్తి. వెక్స్‌లర్ ఆ ఒక్క పాటను రేడియో వారికి పంపితే శ్రోతలు రికార్డు ఎప్పుడొస్తుందని అడగడం మొదలుపెట్టారు, కాని రికార్డుకు రెండో వైపు వేయడానికి పాట లేదు. కొన్ని వారాల తరువాత ఆమె న్యూయార్క్ వచ్చి, సగంలో ఆగిన ఆ పాటకు పియానో, ఆర్గన్ తానే వాయించి, అక్కచెల్లెళ్ల చేత వంత పాడించి పూర్తి చేసింది. అలబామా కుర్రాళ్లను కూడా న్యూయార్క్ రప్పించారు. 'రెస్పెక్ట్' రికార్డు చేసింది వారితోనే, 1967 ఫిబ్రవరి 14న.

ఇప్పుడు మీ ప్రశ్న దగ్గరికి వస్తున్నాను. ఓటిస్ రెడ్డింగ్ 1965లో పాడిన పాట చెడ్డదేమీ కాదు, మంచి ఊపున్న పాట. రోజంతా కష్టపడి ఇంటికి వచ్చిన మగవాడు, కనీసం గడప దాటాక నాకు కాస్త మర్యాద ఇవ్వమని భార్యను అడుగుతాడు. నా డబ్బంతా నీ చేతికే ఇవ్వబోతున్నాను కదా అంటాడు. అరీతా ఈ డబ్బు మాటను తీసేయలేదు. అదే మాట ఆడమనిషి నోట రాగానే, సంపాదించి ఇంటికి తెస్తున్నది ఆమే అని తెలిసిపోతుంది. అడిగేవారి స్థానం మారడంతో అడుగుతున్న విషయమే మారిపోయింది. ఓటిస్ పాటలో మగవాడు బతిమాలినట్టు ఉంటే, ఇక్కడ ఆమె లెక్క తేల్చి చెప్పినట్టు ఉంటుంది.

అంతటితో ఆగలేదు. ఓటిస్ పాటలో లేని భాగాలు ఆమె చేర్చింది. 'రెస్పెక్ట్' అనే పదాన్ని అక్షరం అక్షరంగా విడదీసి పలికే చోటు ఉందే, లోకమంతా గుర్తుపెట్టుకున్న చోటు, అది ఓటిస్ పాటలో లేనే లేదు. చెల్లెలు కారొలిన్‌తో కలిసి కట్టిన వంత వరసలు కూడా కొత్తవే. వెనక నుంచి గబగబా 'రి రి రి రి' అని వినిపించేది ఆమె ముద్దుపేరు కూడా. మధ్యలో కింగ్ కర్టిస్ సాక్సొఫోన్ వాయించే భాగానికి వేరే పాట నుంచి స్వరాల వరస తెచ్చి అతికించారు, ఓటిస్ పాటలో అలాంటి మలుపు లేదు. ఇవన్నీ తీసేసి చూడండి, మిగిలేది 1965 పాటే. ఓటిస్ పాట అమెరికా పాప్ పాటల జనాదరణ పట్టికలో 35వ స్థానం దాకా వెళ్లింది; అరీతాది 1967 జూన్‌లో మొదటి స్థానంలో రెండు వారాలు నిలిచింది. ఆ జూన్‌లోనే మాంటెరే సంగీత ఉత్సవంలో ఓటిస్ ఈ పాట పాడబోతూ, దీన్ని ఒక అమ్మాయి నా దగ్గర నుంచి తీసేసుకుందని నవ్వుతూ చెప్పాడు. ఆ సంవత్సరం డిసెంబరులోనే విమాన ప్రమాదంలో చనిపోయాడు, అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు.

ఈ పాటను నల్లవారి హక్కుల ఉద్యమమూ, స్త్రీల ఉద్యమమూ తమదిగా చేసుకున్నాయి. ఆమె ఉద్యమానికి కొత్త మనిషేమీ కాదు. 1963 జూన్‌లో డెట్రాయిట్‌లో మార్టిన్ లూథర్ కింగ్ నడిచిన పెద్ద ఊరేగింపును ఏర్పాటు చేసినవారిలో ఆమె తండ్రి ముఖ్యుడు. 1970లో నల్లవారి హక్కుల ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ జైల్లో ఉన్నప్పుడు, ఎంత పూచీకత్తు అయినా తాను కడతానని అరీతా బాహాటంగా ప్రకటించింది. తండ్రికి అది ఇష్టం లేకపోయినా వెనక్కి తగ్గలేదు. ఆ డబ్బు నల్లవారు తనకిచ్చిందేనని, వారి కోసం ఖర్చు పెట్టడం తన ఇష్టమని ఆమె వాదన.

సంగీతం నేర్చుకుంటున్నారు గనక మీకు ఇంకో సంగతి చెప్పాలి. ఒకే అక్షరం మీద అనేక స్వరాలు పలికించడం మనకు గమకంగా, సంగతిగా తెలిసిన విద్యే. గాస్పెల్‌లో అది మరో దారిలో పెరిగింది. ఇప్పటి టెలివిజన్ పోటీల్లో పాడేవారు ప్రతి మాట మీదా స్వరాలు గిరగిర తిప్పుతారు, అరీతాను అనుకరిస్తున్నామని అనుకుంటారు కూడా. నా దృష్టిలో వారు ఆమెను సరిగ్గా వినలేదు. ఆమె ఒక చరణాన్ని దాదాపు మాట్లాడినట్టు తేలిగ్గా పాడి, తరువాతి చరణంలో ఒక్క మాటను ఎంచుకుని దాని మీద గొంతు విప్పుతుంది. ఏ మాటను ఎంచుకుంటుందో గమనించండి, అర్థం బరువుగా ఉన్న మాటే అయి ఉంటుంది.

ఆమె రికార్డుల్లో ఒక్కటే దక్కించుకొమ్మంటే నేను 1972 జనవరి 13, 14 తేదీల్లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక మామూలు బాప్టిస్టు చర్చిలో రికార్డు చేసిన 'అమేజింగ్ గ్రేస్' ఆల్బమ్‌ను ఎంచుకుంటాను. అప్పటికే మకుటం లేని మహారాణి. వరసగా విజయాలు వస్తున్న సమయంలో వెనక్కి, చర్చికి వెళ్లి, చిన్ననాటి గురువు జేమ్స్ క్లీవ్‌లాండ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని భక్తి పాటలు పాడింది. ఆ పేరుతోనే ఉన్న పాట ఒక్కటే దాదాపు పదకొండు నిమిషాలు. అది సాగుతుండగా పియానో ముందున్న క్లీవ్‌లాండ్ తట్టుకోలేక లేచి వెళ్లి, రుమాలులో ముఖం దాచుకుని ఏడవడం, ఆ రెండు రాత్రులనూ చిత్రీకరించిన సినిమాలో కనిపిస్తుంది. రెండో రాత్రి తండ్రి లేచి వచ్చి, పాడుతున్న కూతురి ముఖం మీది చెమట తుడుస్తారు. ఆ సినిమా తీసిన సిడ్నీ పొలాక్ బృందం బొమ్మనూ శబ్దాన్నీ కలపడానికి వాడే క్లాప్ బోర్డులు వాడకపోవడంతో, పెదవుల కదలికకూ పాటకూ పొంతన కుదరక చిత్రం దశాబ్దాల తరబడి మూలన పడింది. కంప్యూటర్ల సాయంతో కుదిరాక, విడుదల చేయవద్దని అరీతాయే కోర్టుకు వెళ్లింది. చివరికి ఆమె పోయాక 2018 నవంబరులో ప్రదర్శనకు వచ్చింది.

తరువాతి కథ త్వరగా చెబుతాను. 1980లలో ఆమె అరిస్టా కంపెనీకి మారి మళ్లీ పెద్ద విజయాలు సాధించింది. ఇంగ్లండు గాయకుడు జార్జ్ మైకేల్‌తో పాడిన పాట 1987లో మొదటి స్థానానికి వెళ్లింది. ఆ కాలపు డ్రమ్ యంత్రాల చప్పుడు నాకు పడదు గాని మీకు నచ్చవచ్చు. 1987లోనే మేటి సంగీతకారులను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి స్త్రీ అయింది. 1998లో గ్రామీ సంగీత పురస్కారాల వేడుకలో ఇటలీ ఆపెరా గాయకుడు పావరొట్టీకి గొంతు బాగోక రాలేకపోతే, అప్పటికప్పుడు ఆయన కోసం సిద్ధం చేసిన శ్రుతిలోనే ఇటాలియన్ ఆపెరా పాట అందుకుంది. పద్దెనిమిది గ్రామీలు వచ్చాయి. 2018 ఆగస్టు 16న డెట్రాయిట్‌లో క్యాన్సర్‌తో మరణించింది. మరుసటి ఏడాది పులిట్జర్ పురస్కారాల సంస్థ ఆమెకు ప్రత్యేక గౌరవం ప్రకటించింది. నది ఒడ్డున మీరు కచేరీకి వెళ్లిన ఆ యాంఫీథియేటర్‌కు ఆమె పేరు పెట్టారు.

ప్రభావం అంటే ఏమిటని అడిగితే నేను పేర్ల జాబితా చదవను, ఒక్క పాట వినమంటాను. చెల్లెలు కారొలిన్ రాసిన 'ఎయింట్ నో వే'లో అరీతా వెనక మాటలు లేకుండా ఆకాశమంత ఎత్తున తేలే గొంతు ఒకటి ఉంది. అది సిస్సీ హూస్టన్‌ది. ఆమె కూతురే విట్నీ హూస్టన్. పసితనం నుంచి ఈ పాటల మధ్యే పెరిగింది. విట్నీని విని పాడటం నేర్చుకున్నవారు ఈనాడు లోకమంతా ఉన్నారు, వారిలో చాలామందికి ఆ పాట మొదలైన గది ఏదో తెలియదు.

పాట ఎవరిదన్న మీ ప్రశ్నకు అమెరికా చట్టం మాత్రం వేరే జవాబు చెబుతుంది. మామూలు రేడియోలో పాట వేసినప్పుడు రాసినవారికీ, ప్రచురణకర్తకూ సొమ్ము అందుతుంది. పాడినవారికి చిల్లిగవ్వ రాదు. అందుచేత ఈ యాభై ఏళ్లకు పైగా అక్కడి రేడియోలో 'రెస్పెక్ట్' వినపడిన ప్రతిసారీ ఆదాయం ఓటిస్ రెడ్డింగ్ కుటుంబం వైపే వెళ్లింది. ఆ చట్టాన్ని మార్చాలని గాయకులు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

ఈ ఆదివారం మీరు మొదట ఓటిస్ పాడినది ఒకసారి, వెంటనే అరీతా పాడినది ఒకసారి వినండి. మూడోసారి ఆమె గొంతును వదిలేసి పియానోను, వంతలను మాత్రమే పట్టుకుని వినండి. ఏం వినపడిందో రాయండి, తెలుగులోనే రాయండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ