గ్యాస్‌కు ఒపెక్ ఎందుకు కుదరలేదు?

2007 జనవరిలో టెహ్రాన్ వచ్చిన రష్యా భద్రతా మండలి కార్యదర్శి ఇగోర్ ఇవనోవ్ ముందు ఇరాన్ సుప్రీం లీడర్ ఖమేనీ ఓ ప్రతిపాదన పెట్టారు: చమురు ఉత్పత్తి ఎంతో కలిసి నిర్ణయించుకునే ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ లాంటిదే గ్యాస్‌కూ పెట్టుకుందామని. ఆలోచన ఆసక్తికరంగా ఉందని మరుసటి నెల పుతిన్ అన్నారు. దాంతో యూరప్‌కు టెన్షన్ పట్టుకుంది. ధర తగాదాలో ఉక్రెయిన్‌కు రష్యా గ్యాస్ ఆపేసి అప్పటికి ఏడాదే అయింది మరి.

అసలు గ్యాస్ ఎగుమతి దేశాలు 2001లోనే టెహ్రాన్‌లో ఒకచోట కూర్చున్నాయి. 2008 డిసెంబరులో మాస్కోలో నిబంధనావళి ఆమోదించుకుని సంఘంగా ఏర్పడి, ఖతార్ రాజధాని దోహాలో ఆఫీసు పెట్టుకున్నాయి. ప్రపంచ నిల్వల్లో దాదాపు సగం రష్యా, ఇరాన్, ఖతార్‌ల చేతిలోనే ఉన్నాయి. కాగితం మీద చూస్తే భయపడాల్సిన లెక్కే. కానీ ఈ సంఘం ఇన్నేళ్లలో ఏ దేశం ఎంత తీయాలన్న ఉత్పత్తి కోటా ఒక్కటి కూడా పెట్టలేదు. 2010లో తన ఒరాన్ నగరంలో జరిగిన సమావేశంలో అల్జీరియా సరఫరా తగ్గిద్దామంటే మిగతావాళ్లు ఊ అనలేదు.

చిక్కంతా సరుకులోనే ఉంది. ముడి చమురు (క్రూడ్)ను ఓడలో నింపాక దారి మధ్యలోనైనా ఇంకొకరికి అమ్ముకోవచ్చు. గ్యాస్‌కు పైపులైనైనా వేయాలి, లేదా మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిచి, ఆరు వందల వంతు పరిమాణానికి కుదించి ద్రవరూపంలో, అంటే ఎల్‌ఎన్‌జీగా పంపాలి. రెండింటికీ వేల కోట్ల డాలర్లు కావాలి. కొనేవాడు ఇరవై ఏళ్లకు సంతకం పెడితే తప్ప బ్యాంకులు అప్పివ్వవు. ధర ఫార్ములా కూడా ఆ కాంట్రాక్టులోనే ఉంటుంది, చాలావాటిలో క్రూడ్ ధరకు ముడిపెట్టి. ఇక ఉత్పత్తి తగ్గిస్తే ధర పెరగదు సరికదా, మాట తప్పినందుకు పరిహారం కట్టాలి.

ఆ ఫార్ములానే మార్చేద్దామని అల్జీరియా ఒంటరిగా ప్రయత్నించి చూసింది. 1980లో తన గ్యాస్‌కు క్రూడ్‌తో సమానమైన ధర కావాలని పట్టుబట్టింది. అమెరికా ప్రభుత్వం ఒప్పుకోలేదు, అక్కడి ఎల్ పాసో కంపెనీకి వెళ్లాల్సిన ఎల్‌ఎన్‌జీ ఆగిపోయింది. ఇటలీతోనూ అదే పేచీ. ట్యునీషియా మీదుగా, మధ్యధరా సముద్రం అడుగున వేసిన పైపు సిద్ధమయ్యాక కూడా ధర తేలక ఖాళీగా పడి ఉండి, 1983లో గానీ గ్యాస్ పారలేదు. ఈలోగా సోవియట్ యూనియన్ సైబీరియా నుంచి యూరప్‌కు కొత్త పైపు వేసేసుకుంటోంది. 1986లో క్రూడ్ ధర కుప్పకూలడంతో, అల్జీరియా అంత మోజుపడిన ఆ ముడే దాన్ని కిందికి లాగింది.

ఇప్పుడు మార్కెట్ మారింది. ఎల్‌ఎన్‌జీ ఓడలు ఎక్కువ ధర ఇచ్చే రేవుకు మళ్లుతున్నాయి, దీర్ఘకాల కాంట్రాక్టు లేకుండా అప్పటికప్పుడు అమ్మే స్పాట్ ధరలు రోజూ పలుకుతున్నాయి. కలిసికట్టుగా సరఫరా తగ్గించి ధర పెంచే కార్టెల్‌కు కావాల్సిన నేల నిజానికి ఇప్పుడే తయారైంది. అయితే 2016లో లూసియానాలోని సబీన్ పాస్ రేవు నుంచి, రాతి పొరలను పగలగొట్టి తీసే షేల్ గ్యాస్ ఓడలు బయల్దేరాయి. 2023కల్లా అమెరికా ఎల్‌ఎన్‌జీ ఎగుమతుల్లో మొదటి స్థానానికి వచ్చేసింది. సంఘంలో అమెరికా లేదు, ఆస్ట్రేలియా కూడా లేదు.

2022లో రష్యా యూరప్‌కు సరఫరా కోసేసినప్పుడు అక్కడి గ్యాస్ ధర ఆగస్టులో మెగావాట్ అవర్‌కు 300 యూరోలు దాటింది. మిగతా ఎగుమతిదారులు తమ కుళాయి కట్టేయలేదు, దొరికినంత అమ్ముకున్నారు. రష్యా మాత్రం నష్టపోయింది: యూరప్‌కు పంపే పశ్చిమ సైబీరియా గ్యాస్‌ను మళ్లిద్దామంటే చైనా వైపు పైపు లేదు. చైనాకు వెళ్లే లైను తూర్పు బావుల నుంచి వేసింది. 2023లో రష్యా ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ 62,900 కోట్ల రూబుళ్ల నష్టం చూపించింది.

ఖతార్ దారి వేరు. 2019లో ఒపెక్ నుంచే బయటికొచ్చింది. ఏటా 7.7 కోట్ల టన్నుల ఎల్‌ఎన్‌జీ సామర్థ్యాన్ని 2030 నాటికి 14.2 కోట్లకు పెంచుతామని 2024లో ప్రకటించింది. ఆ గ్యాస్ వచ్చేది నార్త్ ఫీల్డ్ నుంచి. సముద్రం కింద అదే నిక్షేపం సౌత్ పార్స్ పేరుతో ఇరాన్ వైపు కొనసాగుతుంది. ఒకే కుండకు రెండు గొట్టాలన్నమాట. ఒకరు ఆగితే రెండోవారు తోడుకుంటారు.