పిల్లల ఒళ్లు పచ్చబడితే

బిడ్డ ముఖం పచ్చగా కనబడితే చాలు, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ముందు బిడ్డను పగటి వెలుతురులోకి తీసుకెళ్లి కంటి తెల్లగుడ్డు చూడండి. ట్యూబ్‌లైట్ కింద పసుపు సరిగా తెలియదు.

తెల్లగుడ్డు తెల్లగానే ఉండి అరచేతులు, అరికాళ్లు, ముక్కు చుట్టూ మాత్రం పసుపు తేలిందా? చాలావరకు అది తిండి వల్లే. క్యారెట్, గుమ్మడి, చిలగడదుంప రోజూ పెడుతుంటే వాటిలోని కెరోటిన్ చర్మంలో పేరుకుంటుంది. హాని లేదు, తగ్గిస్తే మెల్లగా పోతుంది. రక్తం తక్కువైన పిల్లలు కూడా పాలిపోయి కాస్త పసుపు తిరిగినట్టుంటారు. వాళ్లకు రక్తపరీక్ష చేయించాలి.

తెల్లగుడ్డు కూడా పచ్చబడితే అవి కామెర్లు. కామెర్లు ఒక జబ్బు పేరు కాదు, లోపల ఉన్న జబ్బుకు గుర్తు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అది విరిగాక మిగిలే పసుపు పదార్థం బిలిరుబిన్. దాన్ని కాలేయం పైత్యరసంతో పాటు పేగుల్లోకి పంపేస్తుంది. మలానికి రంగు వచ్చేది దానివల్లే. మలేరియా, తలసీమియా లాంటి వాటిలో రక్తకణాలు ఎక్కువగా విరిగినా, హెపటైటిస్-ఎ వైరస్ కాలేయాన్ని దెబ్బతీసినా, పైత్యం దారి మూసుకుపోయినా బిలిరుబిన్ రక్తంలోనే ఉండిపోతుంది.

అప్పుడే పుట్టినవాళ్ల సంగతి వేరు. వాళ్ల కాలేయం ఇంకా పూర్తిగా పనిలో పడదు కాబట్టి సగం మందికి పైగా రెండో, మూడో రోజున పచ్చబడతారు. చాలామందికి రెండు వారాల్లో అదే తగ్గిపోతుంది. కానీ మొదటి 24 గంటల్లోనే పచ్చబడినా, పాలు తాగకుండా మగతగా పడుకున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడుకు చేరి, వినికిడిని, కదలికలను శాశ్వతంగా దెబ్బతీస్తుంది. అంత పెరగకుండా ఆపడానికి నీలికాంతి చికిత్స ఉంది, అంటే బిడ్డ ఒంటిమీద నీలి వెలుతురు పడేలా చేస్తారు. 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్, ఎండ తగిలినచోట శిశువు చర్మంలో పసుపు తగ్గడం గమనించారు. ఈ చికిత్సకు దారి చూపింది ఆమె కన్నే. అలాగని ఇంట్లో ఎండలో పడుకోబెట్టడం వైద్యం కాదు. లేత చర్మం కమిలిపోతుంది, కాంతి ఎంత అందుతోందో తెలియదు.

నాకు అన్నిటికంటే భయం వేసేది రెండు వారాలు దాటినా తగ్గని పసుపు. పాప బాగానే పాలు తాగుతుంది, నవ్వుతుంది, అందుకే పెద్దగా పట్టించుకోరు. అప్పుడు డైపర్ చూడండి. మలం సుద్దలా తెల్లగా, మూత్రం ముదురు పసుపుగా ఉంటే పైత్యనాళాలు మూసుకుపోయి ఉండవచ్చు. దీనికి చేసే ఆపరేషన్ రెండు నెలల వయసులోపే అయితే ఫలితం మెరుగు. ఆ డైపర్‌ను ఫోటో తీసి, అదే రోజు డాక్టర్‌కు చూపించండి.