ఖాళీ పడవ లెక్కలు

ఇంగ్లండులో పుట్టిన రస్లర్ 36, అమెరికాలో పుట్టిన జే 105. రెండూ తెరచాప పడవలే. పొడవు సుమారు 35 అడుగులు, వెడల్పు 11 అడుగులు, రెండింటికీ అంతే. తూకం దగ్గరే అసలు తేడా: రస్లర్ 16,805 పౌండ్లు, జే 7,750. సముద్రం మీద వీటి తీరు ఎలా వేరో తెలుసుకోవడానికి పడవ ఎక్కనక్కర్లేదు, ఒక కాగితం, కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు చూసేది బరువుకు తగ్గ తెరచాప ఉందా అని. ఒకదాన్ని ఇంకోదానితో నేరుగా భాగిస్తే లెక్క తప్పుతుంది. పడవను అన్ని వైపులా రెట్టింపు చేస్తే తెరచాప నాలుగింతలవుతుంది, బరువేమో ఎనిమిదింతలవుతుంది. అలా భాగిస్తే పెద్ద పడవలన్నీ నీరసంగానే తేలతాయి. అందుకే బరువును ముందు నీటి పరిమాణంగా మారుస్తారు. తేలే పడవ తన బరువంత నీటిని పక్కకు నెడుతుంది, ఘనపుటడుగు సముద్రపు నీరు 64 పౌండ్లు. రస్లర్ బరువును 64తో భాగిస్తే దాదాపు 262.6. దాని ఘనమూలం 6.4, ఆ 6.4 వర్గం 41. ఇక 693 చదరపు అడుగుల తెరచాపను 41తో భాగిస్తే 16.9. జే తెరచాప 577 చదరపు అడుగులే, అయినా జవాబు 23.6! దూరప్రయాణాల పడవలకు 15 నుంచి 18 మధ్య మామూలు. 20 దాటితే పందెం కోడి.

రెండో లెక్క, నీటిని తాకే పొడవుకు బరువెంత అన్నది, దానికీ వేరే సూత్రం ఉంది. 150 లోపు తేలిక, 300 దాటితే బరువు అంటారు. జేకి 135, రస్లర్‌కి 385 వస్తాయి. పొడవును బట్టి వచ్చే వేగపు హద్దు మాత్రం ఇద్దరికీ ఏడు నాట్ల (గంటకు సుమారు 13 కిలోమీటర్ల) చుట్టుపక్కలే. గాలి బలంగా వీస్తే జే అల మీద జారుతూ ఆ హద్దు దాటేస్తుంది, రస్లర్ దాటదు. కానీ అదే అలకి జే ఎగిరెగిరి పడుతుంది. లోపల వంట చేసేవాళ్లకు ఆ తేడా మొదటి గంటలోనే తెలిసిపోతుంది.

మూడోది బోల్తా లెక్క. 1979 ఫాస్ట్‌నెట్ పడవ పందెంలో తుపాను 15 మంది పోటీదారులను బలిగొన్నాక పుట్టింది. వెడల్పును ఇందాకటి ఘనమూలంతో భాగించాలి, 2 దాటకూడదు. రస్లర్ 1.7, జే 2.2. నాకు దీని మీద పెద్ద నమ్మకం లేదు. టన్ను సీసాన్ని కీల్ (పడవ కింద నిలువుగా ఉండే రెక్క) అడుగున పెట్టినా, తెరచాప కొయ్య కొనకు వేలాడదీసినా ఈ సూత్రానికి ఒకటే!

ఇవన్నీ ఖాళీ పడవ లెక్కలు. నెలల ప్రయాణానికి బయల్దేరేవాళ్లు నీళ్లు, డీజిల్, బియ్యం, లంగరు గొలుసు, పనిముట్లు ఎక్కిస్తారు. 2,500 పౌండ్లు అనుకుందాం. మొదటి లెక్కలో రస్లర్ 16.9 నుంచి 15.4కి దిగుతుంది. జే 23.6 నుంచి 19.6కి పడిపోతుంది. లోడు ఒకటే, నష్టం రెండింతలకు పైనే. తేలిక పడవ గొప్పంతా తేలికగా ఉన్నంతసేపే. సంసారం ఎక్కిస్తే ముందు చితికేది అదే.

ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలో పొడవాటి కీల్ ఉన్న పాతకాలపు నమూనాలనే అనుమతిస్తారు, కాబట్టి అక్కడ జే లాంటిదానికి చోటే లేదు. 2018లో మొదలైన పందెంలో మొదటి రెండు స్థానాలూ రస్లర్ 36లవే. 2022 పందెంలో మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టామీ రెండో స్థానం తెచ్చుకున్నదీ ఆ రకం పడవతోనే. 2018 పందెం గెలిచిన ఫ్రెంచి నావికుడు జాన్ లూక్ వాన్ డెన్ హీడ్‌కి అప్పుడు 73 ఏళ్లు. బయల్దేరకముందే ఆయన తెరచాప కొయ్యను ఒకటిన్నర మీటరు కోయించాడు. పైన బరువు తగ్గాలని, 16.9ని చేజేతులా ఇంకా తగ్గించుకున్నాడన్నమాట.

ఎవరైనా పడవ చూపించి "దీనికి 22 వస్తుందండీ" అని మొదటి లెక్క చెబితే, ఆ లెక్కలో పెద్ద ముందు తెరచాపను కూడా కలిపేశారా అని అడగండి. నీళ్ల ట్యాంకు నింపి తూచారా అని కూడా.