తలకు నాలుగు బూరెలు

చిన్నీకి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

చిన్నీ, నువ్వు వాట్సాప్‌లో పంపిన కాలేజీల బొమ్మ కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. ఒక్కో కాలేజీకి రెండేసి కడ్డీలు. నీలంది పొడుగ్గా, నారింజది పొట్టిగా. నీలం సగటు జీతమట, నారింజ మధ్యగత జీతమట. "ఒకే కాలేజీ, ఒకే బ్యాచ్, మరి రెండు జీతాలేంటి తాతయ్యా? ఇందులో ఏది అబద్ధం?" అని అడిగావు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే వేళ అడగాల్సిన ప్రశ్నే. మీ నాన్న నీలం కడ్డీలొక్కటే చూసి మురిసిపోతున్నాడని మీ అమ్మ చెప్పింది.

రెండూ నిజమే. అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం అంటూ సూత్రాలన్నీ నీకు పదో తరగతిలోనే చెప్పారు, వాటి జోలికి నేను పోను. భోజనాల బంతి దగ్గరికి పోదాం పద.

మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో బఫేలు ఎక్కడివి? పందిట్లో పట్టాలు పరిచి వరసగా మోదుగాకు విస్తళ్ళు వేసేవాళ్ళు. ఆకు మీద నీళ్ళు చల్లి తుడుచుకుని కూర్చుంటే పప్పు, కూర, పులుసు అన్నీ వచ్చి, ఎప్పటికో బూరెల గంప కదిలేది. బూరెకు బొటనవేలితో గుంట చేసి పట్టుకుంటే నేతిగిన్నె ఆయన అందులో ధార పోసేవాడు. అది మోచేతి దాకా కారేది, నాకేసేవాళ్ళం. అయితే పిల్లల్ని ఎప్పుడూ బంతి చివరే కూర్చోబెట్టేవాళ్ళు. గంప మా దగ్గరికి వచ్చేసరికి అడుగు కనబడేది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మాకు వడ్డించేవాళ్ళలో మనవాడంటూ ఎవడూ ఉండేవాడు కాదు! అటు మొదట్లో పెళ్ళికొడుకు మేనమామగారి విస్తట్లో మాత్రం బూరెలు గోపురం లేచేవి. ఆయన తినేది రెండు. మిగతావన్నీ కండువాలోకి.

ఇప్పుడు లెక్క. బంతిలో తొమ్మిది మంది అనుకో. ఇద్దరికి ఒక్కో బూరె, ముగ్గురికి రెండేసి, ముగ్గురికి మూడేసి, మేనమామగారికి పంతొమ్మిది. మొత్తం 36. తొమ్మిదితో భాగించు, నాలుగు వస్తుంది. పెళ్ళివారు "తలకు నాలుగు బూరెలు వడ్డించాం" అని ఊరంతా చెప్పుకుంటారు. అబద్ధమా? కాదు. మరి నాలుగు బూరెలున్న ఆకు ఆ బంతిలో ఒక్కటైనా ఉందా, చూడు.

సగటు అంటే అందరి ఆకుల్లోవీ మళ్ళీ గంపలో పోసి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని వచ్చేవో ఆ లెక్క. కానీ ఎవరూ మళ్ళీ గంపలో పోయరు కదమ్మా! మధ్యగతం అలా కాదు. బూరెలు తక్కువున్నవాళ్ళ దగ్గర్నుంచి ఎక్కువున్నవాళ్ళ దాకా వరసగా కూర్చోబెట్టి, సరిగ్గా నడిమధ్యన ఉన్న అయిదో మనిషి ఆకులోకి తొంగిచూస్తుంది. అక్కడ రెండే. నీలం కడ్డీ నాలుగు, నారింజ కడ్డీ రెండు. నీ బొమ్మ ఇదే.

అందుకే ఏ కడ్డీ ఎంత పొడుగుందని కాదు, రెంటి మధ్య ఎంత ఎడముందో చూడు. రెండూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటే ఏ ఒక్కరి ఆకో సగటును పైకి లాగేయలేదన్నమాట. నీలం బాగా పైకి పోయిందంటే బంతిలో ఎక్కడో ఒక మేనమామ ఉన్నాడు. కాలేజీ సంగతికొస్తే, ఏ ఒకరిద్దరికో కోటి రూపాయల ప్యాకేజీ వచ్చి ఉంటుంది. మెట్రో పిల్లర్ల మీద బోర్డుల్లో కనిపించే నవ్వు ముఖం అతనిదే.

అమెరికాలో పింఛన్లు చూసే ప్రభుత్వ సంస్థ ఉంది, సోషల్ సెక్యూరిటీ అని. వాళ్ళు ఈ రెండంకెలూ పక్కపక్కనే వేస్తారు. 2019లో అక్కడ జీతం మీద బతికేవాళ్ళ సగటు సంపాదన 51,916 డాలర్లు, మధ్యగతం 34,248. దాదాపు మూడింట రెండు వంతుల మంది సగటుకు దిగువనే ఉన్నారు. మీ బాబాయి ఫోన్ చేసినప్పుడు ఈ ముక్క చెప్పి చూడు, కాసేపు మాట్లాడడు.

అంత దూరం ఎందుకు? తలసరి ఆదాయంలో మన రంగారెడ్డి జిల్లా రాష్ట్రంలోనే ముందుందని పేపర్లో చదువుతుంటాం. తలసరి అన్నది సగటే. గచ్చిబౌలి కంపెనీలూ ఆ జిల్లాలోవే, యాచారం చేలూ ఆ జిల్లాలోవే. అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి తీసిన లెక్క పట్టుకుని యాచారం రైతు దగ్గరికి వెళ్ళి "నీ ఆదాయం ఇంతట కదా" అంటే ఆయన నిన్ను ఎగాదిగా చూస్తాడు.

ఏళ్ళ తరబడి సాగే గీతల బొమ్మలు కూడా నీకు తగుల్తాయి. మళ్ళీ ఏడు అదే ఇంట్లో ఇంకో పెళ్ళి జరిగింది, అవే విస్తళ్ళు, మేనమామకు మాత్రం ఇరవై ఎనిమిది అనుకో. మొత్తం 45, సగటు అయిదు. నీలం గీత నాలుగు నుంచి అయిదుకు ఎక్కింది. నారింజ గీత రెండు దగ్గర పడుకునే ఉంది. "వడ్డన పాతిక శాతం పెరిగింది" అని పెళ్ళివారు మైకులో చెప్తారు. చివర కూర్చున్న పిల్లాడికి ఆ పాతిక శాతం ఎక్కడుందో అంతు పట్టదు.

అలాగని నారింజ కడ్డీకి దండం పెట్టమని కాదు. దానికీ ఒక గుడ్డితనం ఉంది. చివరి ఇద్దరి ఆకుల్లోంచి ఉన్న ఒక్క బూరె తీసేసినా అయిదో మనిషి ఆకులో రెండు రెండుగానే ఉంటాయి. మధ్యగతం కిమ్మనదు. ఇంకో చిత్రం చెప్తా. భోజనం మధ్యలో ఆరుగురు పసిపిల్లలు వచ్చి కూర్చున్నారు, తలో బూరె వేశారు. ఇప్పుడు పదిహేను మంది, నడిమి మనిషి ఎనిమిదోవాడు. అతని ఆకులో ఒకటే! ఎవరి ఆకులోంచీ ఏదీ తీయలేదు, అయినా మధ్యగతం సగానికి పడింది. కొత్తగా చదువైన పిల్లల్ని గుంపుగా చేర్చుకున్న కంపెనీలో ఆ ఏడు నారింజ గీత కిందికి వంగితే జీతాలు కోశారని కంగారు పడక్కర్లేదు.

నేను ట్రెజరీలో ఉన్న రోజుల్లో జీతాల బిల్లులు చూసేవాణ్ణి. అంకెలు కూడే ముందు పేర్లు చదివేవాణ్ణి, ఎవరెవరున్నారు, ఎవరు లేరు అని. ఆ అలవాటు నువ్వూ చేసుకో. మీ మావయ్య ఆఫీసులో గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, బల్లలు తుడిచే అమ్మ చాలాసార్లు కాంట్రాక్టరు మనుషులై ఉంటారు. కంపెనీ సగటులో గానీ మధ్యగతంలో గానీ వాళ్ళు ఉండరు. అదే హాల్లో రోజంతా తిరుగుతారు, బంతిలో మాత్రం వాళ్ళకు విస్తరి పడలేదు. కాలేజీల లెక్కల్లోనూ అంతే, మధ్యగత జీతం తీసేది ఉద్యోగం వచ్చినవాళ్ళ వరకే. రానివాళ్ళు పందిరి బయట నిలబడి ఉన్నారు. రెండొందల మందిలో నలభై మందికే ఉద్యోగాలొచ్చినా ఆ నలభై మందిలో నడిమి మనిషి జీతం నిగనిగలాడుతూనే కనిపించొచ్చు.

ఆ బొమ్మలో ఇంకోటి కూడా గమనించావా? ఎడం పక్క అంకెలు సున్నా నుంచి మొదలుకాలేదు, మూడు లక్షల నుంచి మొదలుపెట్టారు. అలా అడుగు నరికేస్తే చిన్న తేడా కూడా కొండంతగా కనబడుతుంది. నీలం, నారింజల ఎడం చూసి గుండెలు బాదుకునే ముందు అంకెలు చదువుకో.

బుజ్జిగాడు అన్నీ వింటున్నట్టు నటించి బూరెలెప్పుడు అంటాడు, నాకు తెలుసు. వాడికో మాట. గచ్చిబౌలి వైపు వెళ్ళినప్పుడు ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్డు అన్న బోర్డు చూపించు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదువుకుని, గణాంక శాస్త్రంలో ప్రపంచమంతా తన పేరు చెప్పుకునేలా చేసి, 2023లో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. గుట్టలు పడి ఉన్న అంకెల్లోంచి ఆయనలాంటివాళ్ళు ఏమేం పిండుకొచ్చారో తలుచుకుంటే నాకు ఈ వయసులోనూ ఒళ్ళు పులకరిస్తుంది. వివరించమంటే నా వల్ల కాదు.

చిన్నీ, నువ్విప్పుడు ఒక పని చెయ్యి. నీ జాబితాలో ఉన్న కాలేజీల వెబ్‌సైట్లు తెరిచి ఎన్.ఐ.ఆర్.ఎఫ్. అన్న మాట వెతుకు. దాని కింద ప్రభుత్వ ర్యాంకింగ్‌కి వాళ్ళు పంపిన కాగితం ఉంటుంది. అందులో మూడేళ్ళ పట్టిక. ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, ఎంతమంది పైచదువులకు వెళ్ళారు, వాటి పక్కనే మధ్యగత జీతం, అంకెల్లోనూ అక్షరాల్లోనూ. సగటూ లేదు, మేనమామా లేడు. ఒక్కో కాలేజీకి ఒక్కో కాగితం మీద ఇవి రాసుకుని ఆదివారం పట్టుకురా, మీ నాన్ననూ వెంటపెట్టుకురా. గీతలు గీసేటప్పుడు మాత్రం అడుగున సున్నా వేసే మొదలుపెట్టు.

మీ తాతయ్య