కష్టపు కాన్పు తర్వాత బాలింత: వార్డులో వినిపించే అపోహలు, అసలు సంగతులు

ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా ఏ ప్రసూతి వార్డులో చూసినా తెలుగు ఇళ్ల బాలింతలు ఉంటారు. వెంట వచ్చే అమ్మలకూ అత్తలకూ పురుడు కొత్తేమీ కాదు. కానీ బిడ్డ తలకు వాక్యూమ్ కప్పు పెట్టి లాగి తీసిన కాన్పుకో, రక్తం బాగా పోయిన కాన్పుకో, అప్పటికప్పుడు చేసిన పెద్దాపరేషన్‌కో మామూలు పురిటి పద్ధతులు అన్నీ సరిపోవు. అపోహలు నర్సుల వైపూ ఉన్నాయి. ముందు అవే.

అపోహ: బిడ్డ, మాయ వచ్చేశాయి. ఇక తల్లిని నిద్రపోనిస్తే చాలు.

మొదటి రెండు గంటలే అసలు గండం. ప్రతి 15 నిమిషాలకూ నాడి, బీపీ, రక్తస్రావం, గర్భసంచి చూడాలి. బొడ్డు దగ్గర చెయ్యి పెడితే గర్భసంచి క్రికెట్ బంతిలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే గట్టిపడేదాకా గుండ్రంగా మర్దన చేస్తూనే డాక్టరును పిలిపించాలి. అది ఒక పక్కకు జరిగి, పైకి తగులుతుంటే మూత్రసంచి నిండిందేమో చూడండి. నిండిన మూత్రసంచి గర్భసంచిని ముడుచుకోనివ్వదు. నొప్పులు చాలాసేపు పడ్డ తల్లికి మూత్రం వస్తున్నట్టు తెలియకపోవచ్చు. అందుకే 6 గంటల్లోపు పోసిందో లేదో అడిగి రాసుకోవాలి.

ప్యాడ్ పైపైన చూస్తే సరిపోదు. రక్తం నడుము కిందికి జారి పరుపు మీద చేరుతుంది, పక్కకు తిప్పి చూడాలి. మామూలు కాన్పులో 500 మిల్లీలీటర్లు దాటితే అధిక రక్తస్రావం అంటాం గానీ, రక్తహీనత ఉన్న తల్లి అంతకన్నా తక్కువకే కూలబడవచ్చు. రాయగడ, కోరాపుట్ వైపు నుంచి వచ్చే వాళ్లలో సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తకణాల జబ్బు) ఉందేమో కూడా కార్డులో చూసుకోవాలి. బీపీ పడిపోయేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. నాడి వేగం ముందు పెరుగుతుంది.

అపోహ: కసరకపోతే మాట వినరు. మెత్తగా మాట్లాడే తీరిక ఎక్కడిది?

కసురు తిన్న తల్లి ప్యాడ్ తడిసిపోయినా నోరెత్తదు. మంచి మాట కూడా పరీక్షలో భాగమే అనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. తెర లాగి, పేరుతో పిలిచి, “పొట్ట నొక్కి చూస్తానమ్మా, కొంచెం నొప్పి పుడుతుంది” అనడానికి పది సెకన్లు పట్టదు. “బాగున్నావా?” అంటే “బాగున్నాను సిస్టర్” అనే వస్తుంది, ఆ జవాబు ఎందుకూ పనికిరాదు. “ఎన్ని ప్యాడ్లు మార్చావు? గడ్డలు పడ్డాయా? లేస్తే కళ్లు తిరిగాయా?” అని విడివిడిగా అడగండి. ఆమెకు ఒడియా సరిగా రాకపోతే తెలుగు వచ్చిన ఆడమనిషిని పిలవండి. కుట్ల సంగతి భర్త నోటి మీదుగా చెప్పించాలంటే సగం మింగేస్తుంది.

ఏం జరిగిందో కూడా చెప్పాలి. ముక్కి బిడ్డను కనలేకపోవడం తన తప్పే అని తల్లి అనుకుంటూ ఉంటుంది. “బిడ్డ తల తిరగాల్సినట్టు తిరగలేదు, నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు” అన్న ఒక్క మాట మందు చీటీలో ఉండదు.

అపోహ: నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుంది, కుట్లు చీము పడతాయి.

రెండూ జరగవు. నీళ్లు కట్టేస్తే మలబద్ధకం వచ్చి, ముక్కినప్పుడు కుట్ల మీద భారం పడుతుంది. పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు తాగించండి. పథ్యం గురించి అత్తగారితో గొడవ పెట్టుకోకండి. “మీ వెల్లుల్లి కారం పెట్టండి పెద్దమ్మా, దాంతోపాటు పప్పు, గుడ్డు, ఆకుకూర కూడా పెట్టండి” అంటే పని జరుగుతుంది. ఐరన్ మాత్ర రోజుకొకటి, 180 రోజులు. క్యాల్షియం మాత్రతోనూ టీతోనూ కలిపి వేసుకోకూడదు.

అపోహ: కుట్లకు కుంపటి సెగ తగలాలి.

మొదటి 24 గంటలు కావలసింది చల్లదనం. గుడ్డలో చుట్టిన ఐసు పది, పదిహేను నిమిషాలు పెట్టి తీసెయ్యాలి. తర్వాత గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కూర్చోవచ్చు. ప్యాడ్ 4-6 గంటలకోసారి మార్చి, ముందు నుంచి వెనక్కి కడుక్కుని, ఆరనివ్వాలి. పసుపూ నూనే వద్దు. మూసిన గదిలో బొగ్గుల పొగ తల్లీబిడ్డలిద్దరికీ విషం. నొప్పి తగ్గాల్సింది పోయి గంట గంటకూ పెరుగుతూ, ఒక పక్క ఉబ్బితే లోపల రక్తం గడ్డకడుతోందేమో అనుకోవాలి. నొప్పి బిళ్ల ఇచ్చి వెళ్లిపోకండి.

అపోహ: కాన్పు అయ్యాక ఫిట్స్ వస్తే గాలి సోకినట్టు.

బీపీ వల్ల వచ్చే ఫిట్స్ కాన్పు తర్వాత కూడా వస్తాయి. విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి ముందు గుర్తులు. బీపీ 140/90 దాటితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఫిట్స్‌కు మందు మెగ్నీషియం సల్ఫేట్. తాయెత్తు కట్టించేలోపు ప్రాణం పోవచ్చు.

అపోహ: బాలింత ఏడవకూడదు. బిడ్డ పోతే అసలు చూపించకూడదు.

మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే వైద్యం కావాలి. నిద్ర పూర్తిగా పోయి, ఎవరూ లేకపోయినా ఎవరో మాట్లాడుతున్నారని ఆమె అంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416.

బిడ్డ దక్కకపోతే చూస్తావా, ఎత్తుకుంటావా అని ఆమెనే అడగండి. బలవంతం వద్దు, దాచడమూ వద్దు. మంచం పసిపిల్లల మధ్య వెయ్యకండి. మూడో రోజు ప్రాంతంలో పాలు పడతాయని ముందే చెప్పండి. ఎవరూ చెప్పకపోతే ఆ బాధ రెండింతలవుతుంది. రొమ్ములకు సరిపడే బిగువైన లోదుస్తు, చల్లని తడిగుడ్డ చాలు. మరీ సలిపితే కొద్దిగా పిండి వదిలెయ్యాలి, పూర్తిగా పిండితే ఇంకా ఊరతాయి. డిశ్చార్జికి ముందే ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త ఆశాకు ఫోన్ చేసి సంగతి చెప్పండి. తెలియకపోతే గుమ్మంలోకి వస్తూనే బిడ్డ బరువెంత అని అడుగుతుంది.